మూత మీది మూడు వాక్యాలు

మా షెడ్డులో తయారయ్యేది గుడ్లు పొదిగే పెట్టె. చూడ్డానికి మామూలు ట్రంకు పెట్టెలా ఉంటుంది. లోపల ఒక హీటరు, చిన్న ఫ్యాను, నీళ్ళ పళ్ళెం, దాంట్లోకి బయటి నుంచి ఒక గొట్టం, గుడ్లు వరసగా పేర్చే జాలీ. ముందువైపు అరచేయంత అద్దం, పక్కన పెట్టె వేడెక్కితే వెలిగే చిన్న దీపం. దానికి మూత కోసి బిగించేది నేను. ఆ మూత మీద అతికించే కాగితం రాసేది గ్లాసక్క. పెట్టె కొన్నవాళ్ళు ఏం చెయ్యాలో, ఏది ముందు ఏది వెనక చెయ్యాలో చెప్పే కాగితం అది.

ఆవిడ అసలు పేరు జీతాల రోజున తప్ప మాకు గుర్తు రాదు. గ్లాసక్క అనే పేరు ఎలా వచ్చిందో చెబుతాను.

మొదట్లో ఆవిడ వైరింగు బల్ల దగ్గర పనిచేసేది. ఫోను ఆ బల్ల పక్కనే ఉండేది కాబట్టి మోగినప్పుడల్లా ఎత్తడం ఆవిడ వంతయింది. చేతిలో టంకం కడ్డీ, చెవికీ భుజానికీ మధ్య ఫోను. కొన్నవాళ్ళు అడిగేవన్నీ ఒకటే రకం. నీళ్ళు ఎంత పొయ్యాలి, దీపం ఎందుకు ఆరింది, గుడ్డు నిలబెట్టాలా పడుకోబెట్టాలా. అవన్నీ పెట్టెతో పంపిన కాగితంలో ఉన్నవే. అది మా సారు రాశారు. సారంటే షెడ్డు యజమాని. ఇంజనీరింగు చదివిన మనిషి, చేత్తో కూడా మంచి పని వచ్చినవారు. కలం పట్టుకుంటే మాత్రం ఆయనకు ఎవరో పూనినట్టుండేది. "యంత్రమును వినియోగించుటకు పూర్వము తగినంత ఆర్ద్రతను సమకూర్చుకొనవలెను" అని మొదలయ్యేది ఆ కాగితం.

ఒకరోజు ఆవిడ నేరుగా ఆయన్నే అడిగింది.

"తగినంత అంటే ఎంత సార్?"

"అంటే, సరిపోయేంత."

"సరిపోయేంత అంటే?"

సారు బుర్ర గోక్కున్నారు. "పళ్ళెంలో గీత ఉంది కదా. అందాకా."

"మరి ఆ ముక్కే రాస్తే పోయేదిగా."

"అయితే నువ్వే రాయి తల్లీ," అన్నారు సారు. సగం విసుగు, సగం నిజం. ఆవిడ నిజంగానే తీసుకుంది.

రాసి ఇంటికి పట్టుకెళ్ళి అత్తగారి ముందు పెట్టె, కాగితం పెట్టింది. అత్తగారు కూడబలుక్కుని చదివే మనిషి. రెండో వాక్యం దగ్గరే ఆగిపోయింది. కోడలి చెయ్యి దానంతటదే లేచి పళ్ళేన్ని చూపించింది. మూడో వాక్యం దగ్గర మళ్ళీ లేచింది.

"నువ్వే చూపించేటట్టయితే నాకీ కాగితం ఎందుకే?" అంది అత్తగారు. లేచి వెళ్ళి ఒక గ్లాసు నిండా, అంచు దాకా నీళ్ళు తెచ్చి కోడలి రెండు చేతుల్లో పెట్టింది. "ఒలికితే నువ్వే తుడవాలి. ఇక చదువుతాను."

ఆ రోజు ఆవిడ చీర తడిసిపోయింది. ఎక్కడెక్కడ నీళ్ళు ఒలికాయో అక్కడల్లా కాగితం తప్పన్నమాట. నోరు మూసుకోవడం అలవాటు చేసుకోవచ్చు గానీ చెయ్యి మాట వినదు. ఎదుటివాడు తడబడగానే సాయానికి పోతుంది. అప్పటి నుంచి ఏ కాగితం రాసినా, కొత్తవాళ్ళ చేత చదివిస్తూ, ఎదురుగా నిండు గ్లాసు పట్టుకుని కూర్చోవడం ఆవిడ పద్ధతి అయింది. కదిలిన చోట పెన్సిలుతో గీత పెట్టుకుంటుంది. మళ్ళీ రాస్తుంది. గ్లాసు కదలకుండా ఆఖరి వాక్యం దాకా వెళితేనే కాగితం అచ్చుకు పోతుంది.

కాగితం బాగుపడ్డాక ఫోన్లు తగ్గాయి. సారు ఆవిడను వైరింగు నుంచి తప్పించి, కిటికీ పక్కన పాత డ్రాయింగు బల్ల ఇచ్చి, మా సరుకంతటికీ కాగితాలు రాసే పని అప్పగించారు. ఆ బల్లంటే ఆవిడకు ప్రాణం. మధ్యాహ్నం నేను టీ తాగుతూ వెళ్ళి ఆవిడ కొట్టివేతలు చూస్తూ నిలబడేవాణ్ణి. రేకు కోసేవాడికి ఆ పని కొత్తగా అనిపించలేదు. అక్కరలేనిది కోసి పారేస్తేనే మూత సరిగ్గా కూర్చుంటుంది.

"ఇదెందుకు కొట్టేశావు?" అని ఒకసారి అడిగాను. పిల్ల బయటికి రావడానికి చాలాసేపు పడుతుందని ఏదో ఉంది ఆ వాక్యంలో.

"చేతికి పని చెప్పని వాక్యం అది," అంది. "మూత మీద ఉన్నదే జానెడు చోటు. కబుర్లకి ఎక్కడిది?"

ఆ మాట నాకు నచ్చింది. అందుకే గుర్తుంది.

తరవాత కొన్నాళ్ళకు పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. ఫోన్లలో ఇదివరకటి ప్రశ్నలు లేవు. అందరూ ఒకటే చెప్పేవాళ్ళు. అంతా మీరు రాసినట్టే చేశాం, గుడ్లకు చిల్లులు పడ్డాయి, పిల్లలు మాత్రం లోపలే చచ్చిపోయాయి. సారు అలాంటి గుడ్డు ఒకటి తెప్పించి పగలగొట్టి చూశారు. పిల్ల పూర్తిగా ఎదిగే ఉంది. పెంకు లోపలి పలచటి పొర ఎండిపోయి, చుట్టిన కాగితంలా దాని ఒంటికి అతుక్కుపోయింది.

"తడి చాల్లేదు," అన్నారు సారు. గ్లాసక్క నీళ్ళ గురించిన వాక్యాన్ని పెద్ద అక్షరాల్లోకి మార్చింది. పెట్టెలు రావడం ఆగలేదు.

అంతకన్నా వింత ఏమిటంటే, అవే పెట్టెలు మా దగ్గర చక్కగా పనిచేసేవి. ప్రతి విడత సరుకులోంచీ ఒక పెట్టెను వెనక గదిలో పెట్టి, నిజంగా గుడ్లు వేసి చూస్తాం. నా రేకు కోత మిషను, గ్రైండింగు చక్రం ఉండే గది అది. అదే ఫారం గుడ్లు, అదే నీళ్ళు, అదే కాగితం. మా గదిలో మూడు వారాలకు పిల్లలు బిలబిలమంటూ బయటపడేవి. ఇళ్ళల్లో లోపలే పోయేవి. కరెంటు తేడా అన్నారు ఒకరు. బండి మీద కుదుపుకి గుడ్లు పాడవుతున్నాయన్నారు ఇంకొకరు. మూత సరిగ్గా బిగియడం లేదేమోనని సారు నా వైపు చూశారు. ఆ చూపుకి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఒకరోజు సారు గ్లాసక్కను పిలిచారు.

"ఈ నెలాఖరుకి కొత్త మూతలకి రేకు ఆర్డరు పెట్టాలి. ఎందుకిలా అవుతోందో తేలకపోతే పెట్టను. ఇళ్ళకి అమ్మే పెట్టె ఆపేద్దాం. పెద్ద ఫారాలకి చేసేవే చేద్దాం. వాటికి మన మనిషే వెళ్ళి నేర్పి వస్తాడు కాబట్టి కాగితం పని ఉండదు."

"మరి నేను?"

"వైరింగులో నీ అంత చెయ్యి ఎవరికుంది? నీ బల్ల నీకుంటుంది."

ఆయన చెడ్డగా అనలేదు. కానీ ఆయనన్న బల్ల కిటికీ పక్కది కాదు. ఆవిడ బయటికి వచ్చి నా గ్రైండరు ఆగేదాకా నిలబడి, "రేపు టైలరు గారింటికి వెళ్దాం. నువ్వు మూత చూద్దువు గాని, నేను కాగితం చూసుకుంటాను," అంది.

మా పెట్టె కొన్న ఆ టైలరు గారికి అప్పటికే రెండుసార్లు గుడ్లు పోయాయి. ముందు గదిలో కుట్టు మిషను, కత్తిరింపు బల్ల. వెనక గదిలో స్టూలు మీద మా పెట్టె. దాని చుట్టూ దుమ్ము కూడా లేదు. కాజాలు కుట్టే మనిషి కదా, దేన్నీ అరకొరగా చెయ్యడు. మమ్మల్ని చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఫోనులో ఓసారి చదివించారుగా, మళ్ళీ చదివి చూపించాలా? నాకు చదువు రాదనుకుంటున్నారా మీ వాళ్ళు?"

"పరీక్ష మీకు కాదండీ, కాగితానికి," అంది గ్లాసక్క. "నేనిక్కడ లేననుకోండి. ఒక గ్లాసుతో నీళ్ళిప్పిస్తారా? నిండా."

"దాహమా?"

"నాకు కాదు, చేతులకి."

ఆయన నా వైపు చూశాడు. ఆవిడ అంతేనన్నట్టు తలూపాను. నేను మూతకూ పెట్టెకూ మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగాను. రాలేదు. నాలుగు వైపులా అంతే. మూత గట్టిగానే ఉంది. అటుపక్క టైలరు గారు ఒక్కో వాక్యం చదువుతూ, చదివినంత మేరకే చేస్తూ పోతున్నాడు. పళ్ళెంలో నీళ్ళు గీత దాకా పోశాడు. దీపం వెలిగేదాకా ఆగాడు. రోజూ గుడ్లు ఎలా తిప్పిందీ చేసి చూపించాడు. "చివరి మూడు రోజులు గుడ్లు తిప్పకండి. మూత తెరవకండి. నీళ్ళు బయటి గొట్టంలో పొయ్యండి." అక్కడితో కాగితం అయిపోయింది. గ్లాసులో నీళ్ళు కదిలితే ఒట్టు.

"మూత తెరిచారా ఆ మూడు రోజుల్లో?" అని అడిగింది ఆవిడ.

"తెరవొద్దని రాశారుగా. ఎందుకు తెరుస్తాను?"

ఆ గొంతులో అబద్ధం లేదు. తిరుగుదారి పట్టాం.

"మూతలో తప్పు లేదు," అన్నాను నేను, కాస్త గర్వంగానే.

"కాగితంలోనూ లేదు," అంది ఆవిడ. ఆ మాటలో గర్వం లేదు. "ఆయన చదువుతుంటే చూశాను. కానీ ఆయన చదివింది గంటలో సగమే. పెట్టె పనిచేసేది మూడు వారాలు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చూళ్ళేదు కదా."

అలా ఒక పెట్టె ఆవిడ ఇంటికి వెళ్ళింది. నెలాఖరు దాటిపోతుందని సారు గొణిగారు గానీ, ఆయనకు కూడా ఎందుకో తెలుసుకోవాలని ఉంది. రేకు ఆర్డరు ఆపి ఉంచారు.

అక్కడ జరిగింది నాకు ఆవిడ చెప్పింది. అత్తగారు మధ్యమధ్యలో సరిదిద్దింది.

మూడు వారాలూ ఏ విశేషమూ లేదు. ఆఖర్న ఒక సెలవు రోజు పొద్దున్న ఒక గుడ్డు మీద నక్షత్రంలా చిన్న చిల్లు పడింది. లోపలి నుంచి కిచకిచ మొదలైంది. చిన్న ఇల్లు, వంటగదిలో ఉన్నా వినబడుతుంది. అత్తాకోడళ్ళిద్దరూ అద్దం ముందు చేరారు. టిఫిన్ల వేళ దాటింది. భోజనాలయ్యాయి. చిల్లు పొద్దున ఎంతుందో అంతే ఉంది. పిల్ల మాత్రం గొంతు చించుకుంటోంది.

"పాపం, దానికి చేత కావట్లేదే," అంది అత్తగారు. "కాస్త పెంకు తీసి పెట్టరాదూ?"

గ్లాసక్క లేచింది. చెయ్యి మూత మీద పెట్టింది. సరిగ్గా ఆ చేతికిందే ఆవిడ రాసిన కాగితం ఉంది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, కోడలి వేళ్ళ సందుల్లోంచి కూడబలుక్కుని చదివింది. "మూత... తెరవకండి. ఇది రాసింది నువ్వే కదుటే?"

"నేనే. అయినా అది ఆగిపోయినట్టుంది అత్తయ్యా."

"అయితే తెరువు."

"తెరిస్తే లోపలి తడి పోతుంది. పొర ఎండి దానికి అంటుకుంటుంది. తెలుసు నాకు."

"నీకు తెలుసు. ఆ ముక్క నాకెక్కడ రాశావు?"

గ్లాసక్క చెయ్యి మూత మీదే ఉంది. తెలిసిన చెయ్యే అక్కడికి పోయింది. తెలియని చేతిని ఆపడానికి ఆ మూత మీద రెండు మాటలున్నాయి, అంతే. ఆవిడ ఆ కాగితం వైపు చూస్తూ ఉండిపోయిందట. ఎంతకీ కదలకపోయేసరికి అత్తగారు లోపలికి వెళ్ళి, పాత గ్లాసునే నింపి తెచ్చి చేతుల్లో పెట్టింది.

"కూర్చో. నీ కాగితం పరీక్ష నువ్వే ఇవ్వు."

ఆవిడ కూర్చుంది. కిచకిచ వినబడినంతసేపూ నీళ్ళు అంచు దగ్గర వణుకుతూ ఉన్నాయి గానీ ఒలకలేదు. సాయంత్రం కావస్తుండగా ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. అప్పుడు ఒలికాయి. అరుస్తున్నప్పటి కంటే అరుపు ఆగినప్పుడే చెయ్యి ఎక్కువ లేచింది. చచ్చిపోయిందని ఇద్దరూ అనుకున్నారు. అత్తగారు గ్లాసు మళ్ళీ నింపింది. దీపాలు పెట్టే వేళకు కిచకిచ మళ్ళీ మొదలైంది. చిల్లు గుండ్రంగా తిరుగుతూ, టోపీలా పెంకు ఊడి, పిల్ల తడి తడిగా జాలీ మీదికి జారింది. తొందరేమీ లేనట్టు పడుకుంది.

"అలిసిపోయి కాసేపు కునుకు తీసిందన్నమాట," అంది అత్తగారు. "బిడ్డను కన్నదాన్ని, నాకైనా తట్టలేదు చూడు."

మర్నాడు గ్లాసక్క షెడ్డుకు రాగానే తన బల్ల దగ్గరికి వెళ్ళలేదు. వెనక గదిలోకి వచ్చి, నా పరీక్ష పెట్టె పక్కన నిలబడింది. అందులో కూడా అప్పుడే గుడ్లు చిట్లుతున్నాయి.

"నీకు పిల్లల అరుపు వినబడుతుందా?" అని అడిగింది.

నాకు ఆవిడ ప్రశ్నే వినబడలేదు. గ్రైండరు ఆపి మళ్ళీ అడిగించుకున్నాను. చక్రం తిరగడం మెల్లగా ఆగింది. అప్పుడు వినబడింది, గదంతా కిచకిచ. ఇన్నేళ్ళుగా నా వీపు వెనకే ఉంది. ఒక్కసారీ వినలేదు. వినలేదు కాబట్టే ఆ మూత జోలికి పోలేదు. మా దగ్గర పిల్లలు బతకడానికి కారణం మా తెలివి కాదు, నా గ్రైండరు.

మధ్యాహ్నం టైలరు గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి గ్లాసక్క ప్రశ్న మార్చింది.

"గుడ్డు చిట్లాక పిల్ల అరిచిందాండీ?"

"అరవడమా? ప్రాణం పోతున్నట్టు అరిచింది తల్లీ."

"అప్పుడేం చేశారు?"

"ఏం చేస్తాను? మూత కాస్త ఎత్తి, చూపుడువేలితో రెండు పెంకు ముక్కలు తీసి మూసేశాను. ఎంతసేపు, సూదిలో దారం ఎక్కించినంత సేపు. గుడ్లు తిప్పలేదు, ఏం చెయ్యలేదు. సాయం చేశానంతే."

"సాయం," అంది గ్లాసక్క.

"తప్పా?"

"తప్పు మీది కాదండీ. నేనూ లేచాను."

ఆ సాయంత్రమే ఆవిడ మూడు వాక్యాలు రాసింది. గుడ్డుకు చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి పగలంతా పట్టవచ్చు. మధ్యలో అరుపు ఆగుతుంది, పిల్ల అలసి పడుకుంటుంది. అప్పుడు మూత కాస్త ఎత్తినా తడి గాలి పోయి, లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుంటుంది.

మొదటి వాక్యాన్ని నేను గుర్తుపట్టాను. చేతికి పని చెప్పదని ఒకప్పుడు కొట్టేసింది దాన్నే. నేను అడక్కముందే ఆవిడే అంది. "ఊరికే కూర్చోవడం చేతికి అన్నిటికన్నా పెద్ద పని. అది చెయ్యమంటూ ఎందుకో చెప్పకపోతే ఎవరు చేస్తారు?"

చోటు మాత్రం పెరగలేదు. జానెడు జానెడే. మూడు వాక్యాలు దూరాలంటే ఏదో పోవాలి. ఆవిడ కాగితం పట్టుకుని సారు గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాకంతా వినబడింది.

"ఈ మొదటి రెండు వరసలు తీసేస్తాను సార్."

"ఏవి? 'మా పెట్టెను ఎంచుకున్నందుకు కృతజ్ఞతలు. మీ నమ్మకమే మా బలం.' అవా? అవి మాత్రమే కదమ్మా ఈ కాగితంలో నేను రాసినవి!"

"పెట్టె కొన్నాకే కదా సార్ చదువుతారు. పిల్లలు బతికితే వాళ్ళే కృతజ్ఞతలు చెబుతారు."

సారు, "సరే, తీసెయ్. కానీ టైలరు గారి దగ్గర పిల్లలు లేస్తేనే ఆర్డరు," అన్నారు.

టైలరు గారు కొత్త గుడ్లు వేశాడు. మళ్ళీ మూడు వారాలు. గ్లాసక్క వెళ్ళి ఎదురుగా కూర్చోలేదు. తను అక్కడుంటే ఆయన మొహమాటానికే మూత ముట్టుకోడని, అప్పుడిక కాగితం సంగతి తేలదని అంది. బల్ల మీది పెన్సిళ్ళు చెక్కుకుంటూ, ఫోను మోగితే అందరికన్నా ముందు లేస్తూ ఆ రోజులు గడిపింది. వైరింగు బల్ల మీద ఆవిడ పాత టంకం కడ్డీని ఎవరో శుభ్రంగా తుడిచి పెట్టారు. దానివైపు చూడకుండా నడిచేది.

ఫోను వచ్చిన రోజున నేను గ్రైండరు ఆపి మరీ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఫోను పెద్దగా వినబడేట్టు పెట్టింది. టైలరు గారి గొంతు వెనక కిచకిచలు గుంపుగా వినబడుతున్నాయి.

"ఒక్కటి తప్ప అన్నీ లేచాయమ్మా. ఆ ఒక్కటీ మొదటి నుంచే కదల్లేదు. మూత ముట్టుకోలేదు, సరేనా?"

సారు తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మేం గ్లాసక్క మొహం చూశాం. ఆవిడ నవ్వలేదు. కనుబొమలు ముడిపడ్డాయి.

"అరుపు ఆగినప్పుడు ఏం చేశారండీ?"

"అది భరించలేక కుట్టు మిషను ముందు కూర్చుని తొక్కుతూ పోయాను. వినబడకుండా. పాత గుడ్డ మీద కుట్టిందే కుట్టాను."

ఆవిడ పెన్సిలు కింద పెట్టేసింది. "అయితే పిల్లల్ని కాపాడింది మీ మిషను. నా కాగితం కాదు. ఇక్కడ మా గ్రైండరు చేసిందే అక్కడ మీ మిషను చేసింది."

"ఏంటమ్మా నువ్వనేది?" టైలరు గారికి కోపం వచ్చింది. "మొన్న రెండుసార్లూ మిషను ఈ ఇంట్లోనే ఉంది. అప్పుడు తొక్కానా? నేరుగా పోయి మూత ఎత్తాను. ఈసారీ పోయాను. మూత మీద చెయ్యి కూడా వేశాను. కింద కనబడింది, పిల్ల పడుకుందని. ఎత్తితే దాని ఒంటికి అంటుకుపోతుందని. చదివాకే కదా వచ్చి మిషను ఎక్కింది."

గ్లాసక్క మెల్లగా కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏ వాక్యం చదివాక?" అని అడిగింది.

"మూడోదీ చదివాకే."

ఆవిడ పెన్సిలు మళ్ళీ తీసుకుని, మూడో వాక్యం పక్కన చిన్న గుర్తు పెట్టుకుంది. సారు నా వైపు తిరిగి, మూతలకు రేకు ఎంత కావాలో లెక్క రాసి పట్టుకు రమ్మన్నారు. నేను కదిలేలోపే గ్లాసక్క ఫోనులో అంటోంది, "ఒక్కమాట టైలరు గారూ. మొదటి రెండూ తీసేసి ఆ మూడోదొక్కటే ఉంచితే సరిపోయేదంటారా?"